ఖైదీ మాటకు గోప్యత ఇస్తానని రాసి ఇచ్చాను, ఆ హామీ నేను ఇవ్వదగినదేనా?

ప్రశ్న అడిగినవారు: పరిశోధక విద్యార్థిని, సోషల్ వర్క్

అందరికీ నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. అరెస్టయిన తొలి నెల రోజుల్లో రిమాండ్ ఖైదీకి న్యాయ సహాయం ఎంతవరకు, ఎవరి ద్వారా అందుతోందన్నది నా అంశం. దేశంలోని జైళ్లలో ఉన్నవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది నేరం ఇంకా రుజువు కాని విచారణ ఖైదీలే కాబట్టి దీన్ని ఎంచుకున్నాను. జైళ్ల శాఖ నుంచి అనుమతి పత్రం చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఒక జిల్లా జైలులో ఇప్పటికి పదకొండు మందితో మాట్లాడాను.

ఇంటర్వ్యూలు జరిగేది ఆఫీసును ఆనుకుని ఉన్న పాత రికార్డుల గదిలో. తలుపు దగ్గర ఒక వార్డర్ స్టూలు వేసుకుని కూర్చుంటారు. నా సమ్మతి పత్రం రెండు పేజీలుంటుంది. మొదటి పేజీ చదవడం పూర్తి కాకముందే చాలామంది "ఎక్కడ పెట్టాలి మేడమ్?" అంటూ పెన్ను కోసం చెయ్యి చాస్తారు. ఒకతను సంతకం వచ్చినవాడే అయినా "వేలిముద్ర వేయమంటారా?" అని అడిగాడు. అడిగింది నన్ను కాదు, వార్డర్ వైపు చూసి.

ఎనిమిదో వ్యక్తి దగ్గర నాకు చిక్కు వచ్చింది. ఠాణాలో రెండు రోజులు ఉంచి మూడో రోజు అరెస్టు చూపించారని, అరికాళ్ల మీద కొట్టారని, మెజిస్ట్రేటు అడిగినప్పుడు భయపడి "ఏమీ లేదు" అన్నానని చెప్పాడు. ఆ మాటల వరసలోనే, నేను అడగకుండానే, కిందటేడాది మరో ఊళ్లో తాళం వేసి ఉన్న ఒక ఇంట్లో రాత్రిపూట దొంగతనం చేశానని, ఆ కేసు ఇంతవరకు తన మీదికి రాలేదని కూడా చెప్పాడు. రికార్డర్ నడుస్తూనే ఉంది. సాయంత్రం గేటు దగ్గర డిప్యూటీ జైలర్ గారు "రికార్డర్, నోట్‌బుక్ ఇక్కడ పెట్టి వెళ్లండి, సార్ విన్నాక ఇస్తాం" అన్నారు. ఆ రోజు సూపరింటెండెంటు గారు ఊళ్లో లేకపోవడంతో సోమవారం తీసుకురమ్మని వదిలేశారు.

మా గైడ్ గారిని అడిగితే, "మనం మందులు ఇవ్వడం లేదు, రక్తం తీయడం లేదు, జైలు అనుమతి ఉంది, ఇంకా ఎథిక్స్ కమిటీ ఎందుకమ్మా?" అన్నారు (పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా ముందే పరిశీలించే సంఘం అది). పోలీసు శాఖలో పనిచేసే బంధువు ఒకరు, నేరం తెలిసి చెప్పకపోతే నేనే నేరస్థురాలినవుతానని హెచ్చరించారు. నా సమ్మతి పత్రంలో మాత్రం "మీరు చెప్పినది ఎవరికీ తెలియనివ్వం" అన్న వాక్యం ఉంది. రాసింది నేనే. సోమవారం ఏం చేయాలో, అసలు ఆ వాక్యం రాసే హక్కు నాకు ఉందో లేదో తెలిసినవారు చెప్పగలరని ఇక్కడ అడుగుతున్నాను.

జవాబు: న్యాయవాది, గుంటూరు (క్రిమినల్ ప్రాక్టీసు)

ముందు చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఆ వాక్యం రాసే హక్కు మీకు లేదు. కక్షిదారు న్యాయవాదికి చెప్పుకున్న మాటకు సాక్ష్య చట్టం రక్షణ ఇస్తుంది. పాత చట్టంలో 126వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132వ సెక్షన్ దానికోసమే ఉన్నాయి. పరిశోధకులకు అటువంటి రక్షణ మన చట్టంలో ఎక్కడా లేదు. కోర్టు సమన్లు పంపితే మీరు బోను ఎక్కాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి.

ఇది మన దేశానికే పరిమితమైన ఇబ్బంది కాదు. అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ చదువుతున్న రిక్ స్కార్స్ అనే పరిశోధక విద్యార్థి, తనతో మాట్లాడిన జంతుహక్కుల ఉద్యమకారుల గురించి గ్రాండ్ జ్యూరీకి (నేరం మోపడానికి తగిన ఆధారం ఉందో లేదో చూసే పౌరుల బృందానికి) చెప్పనని నిరాకరించినందుకు 1993లో 159 రోజులు జైలులో ఉన్నారు. బోస్టన్ కాలేజీ కథ మీ కేసుకు మరింత దగ్గర. ఉత్తర ఐర్లండ్ సాయుధ సంస్థల మాజీ సభ్యులతో ఆ కాలేజీ 2001 నుంచి ఇంటర్వ్యూలు రికార్డు చేయించింది. చెప్పినవారు చనిపోయేదాకా టేపులు బయటపెట్టబోమని హామీ ఇచ్చారు. ప్రాజెక్టు నడిపిన వ్యక్తితో కాలేజీ చేసుకున్న ఒప్పందంలో "అమెరికా చట్టం అనుమతించినంత మేరకు" అన్న షరతు ఉంది. ఇంటర్వ్యూ ఇచ్చినవారు సంతకం పెట్టిన కాగితంలో ఆ ముక్క లేదు. 2011లో బ్రిటన్ కోరిక మీద సమన్లు వచ్చాయి, కొన్ని టేపులు అప్పగించక తప్పలేదు. మీ రెండు పేజీల పత్రంలో లోపించినది కూడా ఆ అరవాక్యమే.

మీ బంధువు చెప్పినది సగమే సరి. నాగరిక్ సురక్షా సంహిత 33వ సెక్షన్ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 39) ప్రకారం కొన్ని నేరాలు జరిగాయని తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసుకో మెజిస్ట్రేటుకో చెప్పాలి. హత్య, దోపిడీ, బందిపోటు దొంగతనంతో పాటు ఇళ్లలోకి అక్రమంగా చొరబడటం కూడా ఆ జాబితాలో ఉంది. అయితే "సహేతుకమైన కారణం లేనప్పుడు" అన్న మాట కూడా అందులో ఉంది, ఆ కారణాన్ని నిరూపించుకునే భారం మీ మీదే ఉంటుంది. పరిశోధనా గోప్యత సహేతుకమైన కారణం అవుతుందా అన్నది నేను మీకు భరోసాగా చెప్పగలిగిన విషయం కాదు. ఊరు పేరు, తేదీ, ఇంటి గుర్తు ఏమీ చెప్పకుండా "ఎక్కడో ఒక ఇంట్లో" అన్నంత మాత్రాన మీకు ఒక నేరం తెలిసినట్టేనా అన్నది కూడా వాదించదగిన విషయమే. పిల్లల మీద లైంగిక నేరం సంగతి చెవిన పడితే మాత్రం వాదనకు తావు లేదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు శిక్ష ఉంటుంది.

ఇంకొక సంగతి ఆలోచించారో లేదో. పోలీసు అధికారి దగ్గర చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా పనికిరాదు. మీ వంటి ప్రైవేటు వ్యక్తి దగ్గర చేసిన ఒప్పుకోలుకు ఆ నిషేధం వర్తించదు. కోర్టులు దాన్ని బలహీనమైన సాక్ష్యంగా చూస్తాయి కానీ, పక్కన పారేయవు. అంటే ఆ మనిషి లాకప్పులో దెబ్బలు తిని కూడా ఇవ్వని సాక్ష్యాన్ని, మీ కాగితాన్ని నమ్మి మీ రికార్డర్‌కు ఇచ్చాడు.

సోమవారం లోపు చేయవలసిన పని ఒకటుంది. మీ అనుమతి పత్రంలోని షరతులన్నీ మళ్లీ చదవండి. ఏం ఒప్పుకుని లోపలికి వెళ్లారో దాన్నిబట్టి నడవాలి. సమన్లు వచ్చాక ఆడియో చెరిపితే అది సాక్ష్యాన్ని మాయం చేయడం అవుతుంది. వివరాలు రాసుకోగానే చెరిపేస్తామని పరిశోధన పద్ధతిలో ముందే రాసుకుని, ఆ ప్రకారం చెరపడం వేరు. మీది ఈ రెండిటికీ మధ్యలో ఉంది కాబట్టి, ఏం చేసినా దాచకుండా చేయండి.

కొట్టారన్న సంగతిలో నిర్ణయం అతనిది. కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. అతను సరేనంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ న్యాయవాదిని కలిపించండి. అతనికి తెలియకుండా మీరే ఫిర్యాదు పంపితే, రేపు ఎస్కార్ట్‌లో కోర్టుకు తీసుకుపోయేది పోలీసులేనన్న సంగతి మరచినట్టు.

జవాబు: విశ్రాంత అధికారి, జైళ్ల శాఖ

అమ్మా, గేటు దగ్గర రికార్డర్ అడిగినవారిని తప్పుపట్టే ముందు మా వైపు కారణం కూడా వినండి. తీహార్ జైలులో తీసిన ఒక ఇంటర్వ్యూ మీద 2015లో దేశమంతా గొడవ జరిగిన తరువాత, అదే ఏడాది జులైలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు సూచనలు పంపింది. లోపల రికార్డు చేసినదాన్ని సూపరింటెండెంటు విన్న తరువాతే బయటికి పంపాలని, అభ్యంతరకరమైనది తీసివేయాలని అందులో ఉంది. ఇది పరిశోధకుల మీద అనుమానంతో పెట్టినదని నేను అనుకోను. ఒక సాక్షి పేరు, ఒక ఫోను నంబరు, "వాడికి ఇలా చెప్పండి" అన్న ఒక్క మాట బయటికి వెళితే దాని ఫలితం బయట ఒక కుటుంబం అనుభవిస్తుంది. నా సర్వీసులో అటువంటివి చూశాను.

అయితే మీ ప్రశ్నలో మీరు అడగనిది ఒకటి నేను అడగాలి. ఆ పదకొండు మందిని ఎవరు ఎంపిక చేశారు? నాకు తెలిసి ఆఫీసులో రైటర్‌గా పనిచేసే ఖైదీ ఒక జాబితా రాస్తాడు, దాన్ని హెడ్ వార్డర్ చూస్తాడు, గొడవ చేయనివారి పేర్లే మిగులుతాయి. రెండోది, వాళ్లు ఎందుకు వస్తారో కూడా తెలుసుకోండి. నలభై మంది పట్టే బ్యారక్‌లో డెబ్భై మంది ఉన్నప్పుడు, మీ గదిలో ఫ్యాను కింద ఒక గంట కూర్చోవడం వాళ్లకు చిన్న విషయం కాదు. మీరు రూపాయి ఇవ్వకపోయినా ఆ గంట మీరు ఇస్తున్న కూలి వంటిదే. మూడోది, మీతో మాట్లాడితే బెయిల్ త్వరగా వస్తుందని కనీసం కొందరైనా నమ్మి ఉంటారు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడికి గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండ్‌లో గడిస్తే విడుదలకు అవకాశం ఉందని కొత్త చట్టం వచ్చిన దగ్గరనుంచి ప్రతివాడూ లోపలికి వచ్చిన ప్రతివారినీ "నా లెక్క ఎప్పటికి వస్తుంది సార్?" అని అడుగుతున్నాడు. మీరు కాదని ఎన్నిసార్లు చెప్పినా, కాగితాలు, పెన్ను పట్టుకుని వచ్చిన మనిషి కోర్టు మనిషేనన్నది అక్కడి నమ్మకం.

వార్డర్ సంగతికి వస్తే, న్యాయవాది ఖైదీని కలిసినప్పుడు మేము పాటించే పద్ధతి కంటికి కనిపించేంత దూరంలో, చెవికి వినిపించనంత దూరంలో ఉండటం. పరిశోధకులకు అది హక్కుగా లేదు కానీ, అడిగితే చాలామంది సూపరింటెండెంట్లు కాదనరు. స్టూలు నాలుగు గజాలు వరండాలోకి జరిపించమని రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే వార్డర్ జరగడు, జరగకూడదు కూడా. అతనికి అది డ్యూటీ.

దెబ్బల విషయంలో ఒక్క మాట. కొట్టారని చెప్పే ప్రతి మాటా నిజం కాదు, ప్రతి మాటా అబద్ధమూ కాదు. అడ్మిషన్ రోజున ఒంటి మీద గాయాలుంటే వైద్యుడి చేత రాయించుకోవడం జైలు బాధ్యత, ఎందుకంటే రాయకపోతే ఆ గాయం మా ఖాతాలో పడుతుంది. అతను ఒప్పుకుంటే న్యాయవాది ముందుగా అడగవలసినది ఆ కాగితమే.

జవాబు: ఎథిక్స్ కమిటీ సభ్యురాలు, హైదరాబాద్

మీ గైడ్ గారి వాదన నాకు బాగా పరిచయం. సమాజ శాస్త్రాల విభాగాల్లో ఏటా వింటాను. సూదిమందు లేదు కాబట్టి హాని లేదన్న ఆ ఆలోచన ఎంత పొరపాటో మీ ఎనిమిదో ఇంటర్వ్యూయే చెబుతోంది. మీ ప్రశ్నల వల్ల అతని రక్తం ఒక చుక్క కూడా పోలేదు, కానీ అతని మీద మరో కేసు పడగలదు.

జైలులో సమ్మతి ఎందుకు అంత కష్టమో తెలుసుకోవడానికి నేను మా విద్యార్థులకు చెడ్డ ఉదాహరణ కంటే మంచి ఉదాహరణే ముందు చెబుతాను. అమెరికా ప్రజారోగ్య శాఖ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1915లో మిసిసిపీలోని ర్యాంకిన్ జైలు పొలంలో పన్నెండు మంది ఖైదీలకు మొక్కజొన్న ప్రధానంగా ఉండే తిండి నెలల తరబడి పెట్టారు. పెలాగ్రా అనే జబ్బు అంటువ్యాధి కాదని, తిండిలో లోపం వల్ల వస్తుందని నిరూపించడం ఆయన ఉద్దేశం. ఆరుగురికి ఆ జబ్బు లక్షణాలు వచ్చాయి, ఆయన చెప్పింది నిజమైంది. సైన్సు గొప్పది, ఉద్దేశం గొప్పది, ఖైదీలు తెలిసే ఒప్పుకున్నారు. అయితే వాళ్లకు ప్రతిఫలంగా ఇస్తామన్నది గవర్నరు క్షమాభిక్ష. శిక్ష రద్దవుతుందంటే జబ్బు తెచ్చుకోవడానికి కాదనగల ఖైదీ ఎవరు? కాదనడానికి వీలులేనంత పెద్దది ఎదుట పెట్టి అవుననిపించుకోవడం సమ్మతి అవుతుందా అన్న ప్రశ్న వందేళ్లు దాటినా సులువు కాలేదు.

చెడ్డ ఉదాహరణ ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు. అక్కడ చర్మవ్యాధుల నిపుణుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1951 నుంచి 1974 వరకు ఖైదీల చర్మం మీద రకరకాల పదార్థాలు పరీక్షించారు. కొద్దిపాటి డబ్బు ఇచ్చేవారు, ఖైదీలు సంతకాలు పెట్టేవారు. జైలులో అంతకంటే సంపాదించే మార్గం దాదాపు లేదు. నగర ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2022లో. ఇటువంటివాటి తరువాతే అమెరికా 1978లో ఖైదీల మీద పరిశోధనకు విడిగా నియమాలు చేసింది. పరిశోధనలో పాల్గొన్నందుకు పెరోల్‌లో లాభమూ, పాల్గొననందుకు నష్టమూ ఉండదని ఖైదీకి ముందే చెప్పాలని, పరిశీలించే కమిటీలో ఖైదీ గాని ఖైదీల తరఫు మనిషి గాని ఉండాలని వాటిలో ఉంది. విశ్రాంత అధికారి గారు చెప్పిన ఫ్యాను సంగతి ఆ నియమాల్లో లేదు కానీ, దాని వెనకున్న ఆలోచన అదే.

ఇంత దూరం వెళ్లనక్కరలేదు. ఖమ్మం ఉంది మనకు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా ప్రాజెక్టు నడిచింది. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. 2010లో దాన్ని ఆపేశారు. తరువాత పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదికలో రాసిన లెక్క నేను ఎన్నిసార్లు చదివినా మళ్లీ ఆగిపోతాను. చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఇక్కడ మాట్లాడుతున్నది ఆ 2,763 సంతకాల గురించి. ఆ పిల్లలకు అన్నం పెట్టే, హాజరు వేసే, సెలవు ఇచ్చే మనిషి వాళ్ల తరఫున సమ్మతి ఇచ్చేశారు. మీ గైడ్ గారు "జైలు అనుమతి ఉంది కదా" అన్నప్పుడు నాకు వినిపించింది ఆ వార్డెన్ సంతకమే. సూపరింటెండెంటు అనుమతి మీకు గేటు తీయగలదు, ఖైదీ నోరు తెరవడానికి అది సమ్మతి కాదు. మీ దగ్గర వేలిముద్ర వేయమంటారా అని వార్డర్‌ను అడిగిన వ్యక్తి ఈ రెండూ ఒకటేనని అనుకున్నాడు. అలా అనుకోనివ్వకుండా చూడటం మీ పని.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఖైదీలను ప్రత్యేక రక్షణ అవసరమైనవారిలో చేర్చాయి. అవి ఆరోగ్య పరిశోధనకు ఉద్దేశించినవి కాబట్టి మీ పనికి నేరుగా వర్తించవని మీ విభాగం అనవచ్చు. వర్తించకపోయినా వాటిని చదివి పాటించకుండా ఆపేవారు ఎవరూ లేరు. విశ్వవిద్యాలయంలో వైద్య విభాగానికో మనస్తత్వ శాస్త్ర విభాగానికో కమిటీ ఉంటే అక్కడికి తీసుకెళ్లండి. అందులో న్యాయం తెలిసినవారు, బయటివారు, సామాన్యులు ఉంటారు. సామాన్యుల ప్రశ్నే ఎక్కువసార్లు పనికొస్తుంది.

పత్రం సంగతి. రెండు పేజీలు తీసేసి, చదవక్కరలేకుండా నోటితో చెప్పగలిగే ఒక పేజీ చేయండి. నేనైతే ఇలా చెబుతాను: "నేను కోర్టు మనిషిని కాను, పోలీసును కాను, జైలు మనిషిని కాను. నాతో మాట్లాడితే మీ బెయిలుకు లాభం లేదు, మాట్లాడకపోతే నష్టం లేదు. మీ పేరు రాయను. కానీ కోర్టు అడిగితే నేను చెప్పవలసి రావచ్చు, ఈ రికార్డును సూపరింటెండెంటు గారు వినవచ్చు. అందుకని మీ మీద ఉన్న కేసులో ఏం జరిగిందో, ఇంకెక్కడైనా ఏం చేశారో నాకు చెప్పవద్దు. ఆ మాటలు మొదలుపెడితే నేనే ఆపుతాను." చివరి వాక్యాన్ని నిజంగా పాటించాలి. ఎనిమిదో వ్యక్తి దొంగతనం సంగతి ఎత్తిన మొదటి మాటకే మీరు చెయ్యెత్తి ఆపి ఉండాల్సింది. ఆసక్తిగా ఉండి ఆపలేదని మీరు రాయలేదు కానీ, నేను మొదటిసారి జైలుకు వెళ్లినప్పుడు ఆపనిది ఆ కారణానికే.

జవాబు: పాఠకుడు, నిజామాబాద్

ఇంతసేపూ ఖైదీ గురించే మాట్లాడారు. తాళం పగిలిన ఇంటివారి సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో దొంగతనం జరిగి మూడేళ్లయింది. మా అమ్మ మెడలోని పుస్తెలతాడు, రెండు జతల కమ్మలు పోయాయి. ఎఫ్ఐఆర్ నంబరు తప్ప చేతికి ఏమీ రాలేదు. ఎవరో ఒక గదిలో కూర్చుని "అది నేనే చేశాను" అని చెబుతుంటే, విన్నవారు దాన్ని పరిశోధన అని దాచుకోవడం నాకు మింగుడుపడటం లేదు. చట్టం సంగతి నాకు తెలియదు, న్యాయం సంగతి అడుగుతున్నాను.

జవాబు: న్యాయవాది, గుంటూరు

మీ బాధకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు, ఉన్నట్టు నటించను. అయితే ఒక తేడా గమనించండి. ఆ మాట చెప్పకూడదన్న హెచ్చరిక ముందే ఇచ్చి ఉంటే అతను చెప్పేవాడు కాదు, విద్యార్థిని దగ్గర ఈ రోజు దాచడానికి ఏమీ ఉండేది కాదు. గోప్యత పేరుతో తప్పుగా ఆశ చూపి రాబట్టిన మాటను ఇప్పుడు పోలీసులకు ఇవ్వడమంటే, పోలీసులు చట్టప్రకారం చేయలేని పనిని పరిశోధకురాలి చేత చేయించడం. నార్కో పరీక్షల విషయంలో సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో చెప్పింది కూడా అటువంటిదే. మనిషి ఇష్టం లేకుండా మత్తుమందు ఎక్కించి మాట రాబట్టడం తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదనే రాజ్యాంగ 20(3) అధికరణకు, జీవించే హక్కును, వ్యక్తి స్వేచ్ఛను కాపాడే 21వ అధికరణకు విరుద్ధమని తీర్పు. మందుతో రాబట్టినా, కాగితం మీది హామీతో రాబట్టినా ఒకటేనని నేను అనడం లేదు. రెండిట్లోనూ చెప్పేవాడికి తాను ఎవరికి చెబుతున్నాడో తెలియదు.

ప్రశ్న అడిగినవారు: పరిశోధక విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం ఏం జరిగిందో చెప్పడం బాధ్యతగా రాస్తున్నాను.

అనుమతి పత్రం ఆదివారం రాత్రి చదివాను. రికార్డు చేసినదంతా సూపరింటెండెంటుకు వినిపించాలన్న షరతు ఆరో అంశంగా ఉంది, కింద నా సంతకం ఉంది. ఏడు నెలలు ఎదురుచూసిన కాగితాన్ని చేతికి రాగానే సంతకం చేసి ఫైలులో పెట్టుకున్నాను. "ఎక్కడ పెట్టాలి మేడమ్?" అని అడిగినవాళ్లకూ నాకూ ఆ విషయంలో పెద్ద తేడా లేదు.

సూపరింటెండెంటు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వినిపిస్తామన్న సంగతి ఖైదీలకు చెప్పకుండా రికార్డు చేశానని, అది నా తప్పని, ముందు వాళ్లను మళ్లీ అడగనివ్వమని ఉత్తరం ఇచ్చాను. ఆయనకు నచ్చలేదు. చాలాసేపు ఆలోచించి, ఒప్పుకోనివారి రికార్డు తన గదిలో, తన ఎదుట, వినకుండా చెరిపేయాలని, ఇకముందు రికార్డర్ తేకూడదని చెప్పారు. పదకొండు మందిలో ఎనిమిది మంది వింటే వినమన్నారు. ముగ్గురు వద్దన్నారు. ఎనిమిదో వ్యక్తి వారిలో ఒకడు. న్యాయసేవాధికార సంస్థ న్యాయవాదిని కలుస్తావా అని అడిగితే, "బెయిలు వచ్చాక చూద్దాం మేడమ్" అన్నాడు. నేను మళ్లీ అడగలేదు. నా పరిశోధనలో అన్నిటికంటే ముఖ్యమనుకున్న ఇంటర్వ్యూ ఇప్పుడు నా దగ్గర లేదు. నిజామాబాద్ పాఠకుడికి చెప్పగలిగింది కూడా నా దగ్గర లేదు.

స్టూలు వరండాలోకి జరిగింది. జాబితా రైటర్ చేతి నుంచి తీసుకుని, అడ్మిషన్ రిజిస్టరులో ప్రతి పదో పేరు నేనే ఎంచుకునేలా ఒప్పించగలిగాను. మా విశ్వవిద్యాలయంలో మరో విభాగం కమిటీకి దరఖాస్తు పెట్టాను. వాళ్ల నిర్ణయం వచ్చేదాకా కొత్త ఇంటర్వ్యూలు ఆపాను. ఒక పేజీ పత్రాన్ని ఒకతనికి చదివి వినిపించి, అర్థమవుతోందో లేదో మాత్రం చూశాను. చివరిదాకా విన్నాడు. "అయితే చెప్పనా, వద్దా?" అన్నాడు. ఇప్పుడు చెప్పనక్కరలేదని, మళ్లీ వచ్చినప్పుడు కూడా అతని ఇష్టమేనని అన్నాను. కాసేపు ఫ్యాను వైపు చూస్తూ కూర్చుని, "అప్పుడైనా వద్దులే మేడమ్" అని లేచి బ్యారక్‌కు వెళ్లిపోయాడు.